5602 ముక్కలు: జేన్ కుట్టిన బొంత, నేను కుట్టుకున్న బొంత

 

నా వెనక గోడకి వేలాడుతోంది చూశారా, ఈ ఎపిసోడ్ దాని గురించే. ఫోన్‌లో చూస్తుంటే ఏదో ఫ్లోర్ టైల్స్ డిజైన్‌లా కనిపిస్తుందేమో. కాదు, ఇది గుడ్డ. మొత్తం 81 గళ్ళు. ఒక్కో గడి నాలుగున్నర అంగుళాలు, అంటే మీ చేతిలో ఉన్న ఫోన్ పొడవు కంటే చిన్నది. ఆ ఒక్క గడిలో పది నుంచి నలభై దాకా ముక్కలు ఉంటాయి. కుట్టడానికి నాకు పదిహేను నెలలు పట్టింది. ఇందులో రెండు దేశాల గుడ్డ ఉంది, రెండు మిషన్ల కుట్టు ఉంది, ఒక మూల మా ఇంట్లో పెద్ద గొడవ పెట్టిన ఒక లైన్ కూడా ఉంది. ఆ లైన్ సంగతి చివర్లో చెప్తాను.

ముందు అసలుది. ఇది నా డిజైన్ కాదు. నూట అరవై ఏళ్ళ కిందటి ఒక క్విల్ట్ చూసి కుట్టుకున్నది.

క్విల్ట్ అంటే ఏమీ లేదండీ, మన బొంతే. పైన ఒక గుడ్డ, మధ్యలో దూది, కింద ఒక గుడ్డ, మూడూ కలిపి కుట్టేస్తే అయిపోయింది. మనం పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతాం. వాళ్ళు పై పొర మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలతో ముగ్గులాగా పేరుస్తారు. అందులో శాంప్లర్ అని ఒక రకం ఉంది. ఏ గడికి ఆ గడి వేరే డిజైన్. ఒకటి కుట్టడం వస్తే మిగతావన్నీ వచ్చేసినట్టే అనుకోవడానికి ఉండదు. ప్రతి గడీ మళ్ళీ మొదటి రోజే.

అలాంటి శాంప్లర్లలో బాగా పేరున్నది జేన్ ఎ. స్టికిల్ అనే ఆవిడ కుట్టింది. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రం, బెన్నింగ్టన్ కౌంటీ. ఆవిడ 1817లో పుట్టింది, 1896లో పోయింది. భర్త పేరు వాల్టర్. సొంత పిల్లలు లేరు కానీ, చుట్టుపక్కల పిల్లల్ని కనీసం ముగ్గురిని బాధ్యత తీసుకుని చూసుకున్నారు. 1860ల నాటి జనాభా లెక్కల్లో ఆవిడ గురించి ఏం రాసి ఉందంటే, వయసు 43, వృత్తి వ్యవసాయం, ఉంటున్నది ఒంటరిగా. భర్త, తను తర్వాత మళ్ళీ కలిశారు. ఆ ఒంటరి రోజుల్లోనే ఈ క్విల్ట్ కుట్టింది.

లెక్క వినండి. అడ్డం 13, నిలువు 13, మొత్తం 169 గళ్ళు. చుట్టూ అంచుకి 52 త్రికోణాలు, నాలుగు మూలలకి నాలుగు ముక్కలు. కలిపితే 225 డిజైన్లు. మొత్తం క్విల్ట్ ఇటు 80 అంగుళాలు, అటు 80 అంగుళాలు, కొంచెం అటూ ఇటూగా. అంచు తిన్నగా ఉండదు, అలలు అలలుగా ఉంటుంది. ఇంక రంగులు! దూరం నుంచి చూస్తే నడి గడి నుంచి రంగులు చుట్లు చుట్లుగా బయటికి వెళ్తుంటాయి, చెరువులో రాయి వేసినట్టు.

ఒక మూల ఆవిడ దారంతో కుట్టి పెట్టిన మాటలు ఇవి: ఇన్ వార్ టైమ్. 1863. పీసెస్ 5602. ఆ తర్వాత తన పేరు. అంతే. యుద్ధ కాలంలో, 1863, ముక్కలు 5602.

అమెరికాలో అంతర్యుద్ధం 1861 నుంచి 1865 దాకా జరిగింది. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం. అందులో వెర్మాంట్ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. ఈవిడ ఇంట్లో కూర్చుని గుడ్డ ముక్కలు కుడుతోంది, లెక్కపెడుతోంది. ఇంకో సంగతి చూడండి. ఆ రోజుల్లో అమెరికా మిల్లులకి వెళ్ళే పత్తి దక్షిణాది పొలాల్లో బానిసల చేత పండించింది. ఆ యుద్ధం దాని గురించే. అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఇంగ్లండ్ మిల్లులు మన దేశం మీద పడ్డాయి, బొంబాయిలో పత్తి వ్యాపారులు రాత్రికి రాత్రి కోటీశ్వరులయ్యారు, 1865లో యుద్ధం అయిపోగానే చాలామంది మునిగిపోయారు. అంతకు ముందు ఇంకో కథ. పూల ప్రింట్ల నూలు గుడ్డ పిచ్చి యూరప్‌కి పట్టించిన ఊళ్ళలో మన మచిలీపట్నం ఒకటి. కాబట్టి ఎవరైనా మీతో ఇది పక్కా అమెరికన్ కళ అంటే, నవ్వి ఊరుకోండి.

నేను ఈ క్విల్ట్‌ని కళ్ళారా చూశాను. అప్పుడు మేం న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. బెన్నింగ్టన్ మ్యూజియంలో దీన్ని ఏడాదంతా పెట్టరు. పాత గుడ్డకి వెలుతురు పడదు, రంగు చస్తుంది, నూలు పెళుసవుతుంది. అందుకని ఏడాదిలో కొన్ని వారాలే బయటపెడతారు. 2022లో ఆకులు రంగు మారే సీజన్ అని, నాలుగు గంటలు కారులో వెళ్ళాం. నిజం చెప్పాలంటే నేను ఆకుల కోసమే వెళ్ళాను. మా ఆయన కాఫీ కోసం వెళ్తే నేను టైమ్ పాస్‌కి మ్యూజియంలో దూరాను.

దాని ముందు నిలబడ్డాక నాకు మొదట కనిపించింది అందం కాదు, తప్పులు. కొన్ని చోట్ల మొనలు కలవలేదు. ఒక చోట త్రికోణం ముక్కు తెగిపోయింది. ఇన్నేళ్ళూ ఫోటోల్లో చూసి ఏదో దేవతలు కుట్టారనుకున్నదాన్ని, దగ్గరికి వెళ్తే ఒక మనిషి కుట్టినట్టు ఉంది. అప్పుడనిపించింది, ఇది నేనూ కుట్టొచ్చు అని. (చాలా పొగరు. తర్వాత దిగింది.)

ఇలా అనుకున్నది నేనొక్కదాన్నే కాదు. బ్రెండా పాపడాకిస్ అనే ఆవిడ ఈ 225 డిజైన్లనీ గీసి 1996లో 'డియర్ జేన్' అని పుస్తకం వేసింది. అప్పటి నుంచి ప్రపంచమంతా కుడుతూనే ఉన్నారు. వాళ్ళకో పేరు కూడా ఉంది, జేనియాక్స్ అంటారు. జేన్ పిచ్చోళ్ళు అన్నమాట. పుస్తకంలో అడ్డ వరసలకి ఏ నుంచి ఎం దాకా అక్షరాలు, నిలువు వరసలకి 1 నుంచి 13 దాకా అంకెలు. సినిమా హాల్లో సీటు నంబర్ లాగా. నడి గడి జి-7. నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను.

ఇప్పుడు కుట్టు సంగతి. ట్రై చేద్దామనుకునే వాళ్ళు ఇది శ్రద్ధగా వినండి, నేను రెండు నెలలు పాడుచేసుకుని నేర్చుకున్నది.

గడి పూర్తయ్యాక నాలుగున్నర అంగుళాలు ఉండాలి. చుట్టూ కుట్టుకి పావు అంగుళం మార్జిన్, అంటే కుట్టేటప్పుడు ఐదు అంగుళాలు రావాలి. వినడానికి సింపుల్. ఇప్పుడు ఒక గడిలో అడ్డంగా ఎనిమిది కుట్లు ఉన్నాయనుకోండి. ఒక్కో కుట్టు దగ్గర అంగుళంలో పదహారో వంతు తేడా వచ్చింది. కంటికి కనపడదు. ఎనిమిది కలిస్తే అర అంగుళం! గడి మొత్తం పక్క గడికి కలవదు. నా మొదటి నాలుగు గళ్ళూ నాలుగు సైజుల్లో వచ్చాయి. కారణం ఏంటంటే, గుడ్డ మడత తిరిగే చోట దారం మందం, గుడ్డ మందం కూడా కొంత జాగా తినేస్తాయి. అందుకని సరిగ్గా పావు అంగుళం కాకుండా, ఒక దారం వాసి లోపలికి కుట్టాలి. ఇది ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

మరీ చిన్న ముక్కలకి పేపర్ మీద కుట్టే పద్ధతి ఉంది. డిజైన్ పేపర్ మీద ప్రింట్ తీసుకుని, గుడ్డని పేపర్ వెనక పెట్టి, ముందు వైపు గీత మీద కుట్టాలి. కుట్టు చాలా దగ్గరగా, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెట్టుకోండి, తర్వాత పేపర్ స్టాంపు చింపినట్టు చిరిగి వచ్చేస్తుంది. కష్టం లేకుండా మొనలన్నీ సూదిలా వస్తాయి. ఇందులో ఒక్క మోసం ఉంది. గీత ఒక వైపు, గుడ్డ ఇంకో వైపు కదా, బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అదిగో, పై నుంచి మూడో వరసలో ఆ గాలిమర చూడండి. జేన్‌ది ఒక వైపు తిరుగుతుంది, నాది ఎదురు తిరుగుతుంది. విప్పుదామనుకుని, ముప్పై ఒక్క ముక్కలు లెక్కపెట్టుకుని, వదిలేశాను.

గుండ్రటివి, ఆకుల్లాంటివి మాత్రం చేత్తోనే. అంచు సూదిమొనతో లోపలికి నెట్టుకుంటూ కుట్టాలి. టీవీ చూస్తూ చేసుకోవచ్చు.

ఇలా ఐదు నెలల్లో 31 గళ్ళు అయ్యాయి. మొత్తం 169 కుట్టేసి, జేన్ వాడినలాంటి పాత కాలం ప్రింట్లే కొని, గడికి గడి కాపీ దించేద్దామని నా ప్లాన్. అలా చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకి దండం.

2023 ఫిబ్రవరిలో ఒక బుధవారం పొద్దున మా ఆయన లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ అవ్వలేదు. అంతే. పేరు చెప్పను, ఆ రోజుల్లో చాలా కంపెనీలు అదే పని చేశాయి. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. నాది డిపెండెంట్ వీసా, నేనేం చేయడానికి లేదు. మా పాపకి నాలుగేళ్ళు. నలభయ్యో రోజున నేనూ పాపా తెనాలి వచ్చేశాం. ఆయన కారు అమ్మడానికి, ఇల్లు ఖాళీ చేయడానికి, ఇంటర్వ్యూలకి అక్కడే ఉన్నాడు.

సూట్‌కేసులో గుడ్డకి చోటు లేదు. కొన్న బట్టంతా ఎవరికో ఇచ్చేశాను. కుట్టు మిషన్ అమ్మేశాను. అక్కడి మిషన్ 110 వోల్టులది, ఇక్కడ కరెంటు 230, తెచ్చినా కాలిపోతుంది. ఆ 31 గళ్ళు మాత్రం ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టి హ్యాండ్ బ్యాగ్‌లో తెచ్చుకున్నాను.

రెండు నెలలు ఆ డబ్బా తెరవలేదు. ఒక రోజు పాప తెరిచి మంచం మీద పరిచింది. మా అమ్మ అప్పుడే మొదటిసారి చూడటం. ఒకటి చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, "నిక్షేపంలాంటి గుడ్డని ముక్కలు చేసి మళ్ళీ అతికించడం ఏంటే? మేం చిరిగినవి కుట్టుకునేవాళ్ళం" అంది. నేను నవ్వాను. తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

కానీ మర్నాడు అమ్మే తన కాలు మిషన్‌కి నూనె వేసింది. మీకు నమ్మకం కలగదేమో, చిన్న గళ్ళకి మోటారు మిషన్ కంటే అదే నయం. ఒక్క కుట్టు అంటే ఒక్క కుట్టే వేస్తుంది. చక్రం చేత్తో తిప్పుకుని ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆపొచ్చు.

గుడ్డ ఎక్కడిది? మ్యాచింగ్ సెంటర్! మనకి ఎంత అదృష్టమో మనకే తెలియదు. అమెరికాలో ఒక రంగులో పది ఛాయలు కావాలంటే పది చోట్ల వెతికేదాన్ని. తెనాలిలో ఒక చిన్న షాపులో టూ బై టూ బ్లౌజ్ గుడ్డ గోడ నిండా రంగు రంగుకి పేర్చి ఉంటుంది. పలచగా ఉంటుంది, జారుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడుతుంది. పోచంపల్లి ఇక్కత్ కూడా వాడాను, అంచులు దారాలు దారాలుగా ఊడిపోతుంది, చిన్న ముక్కలకి వద్దు. పెడన కలంకారీ అద్భుతం, కానీ పెద్ద పెద్ద పూలు అర అంగుళం ముక్కలో ఏం కనిపిస్తాయి? చిన్న బుటా చూసి ఏరుకోవాలి. ముదురు రంగు ఏదైనా ముందు నీళ్ళలో నానబెట్టి చూడండి. నేను ఒక ఎర్ర గుడ్డని నమ్మాను. దాని పక్కన తెలుపంతా గులాబీ అయింది. అదిగో, ఐదో వరస.

అసలు చిక్కు రంగు కాదు, తెలుపు. అక్కడి తెలుపు మెరిసే తెలుపు, కొంచెం నీలం కొడుతుంది. మన పాప్లిన్ తెలుపు పాలమీగడ. పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది. 31 గళ్ళంటే ఏమిటి? నడి గడి ఒకటి, దాని చుట్టూ 8, దాని చుట్టూ 16, మొత్తం 25. మూడు చుట్లు పూర్తి. నాలుగో చుట్టులో 24 ఉండాలి, అందులో ఆరు అయ్యాయి. అంటే చుట్టు మధ్యలో తెలుపు మారిపోతుంది. కొత్త చుట్టుతో మారినా డిజైన్ అనుకుంటారు, మధ్యలో మారితే తప్పులా ఉంటుంది. ఆ ఆరూ తీసేసి మళ్ళీ కుడదామా అని వారం రోజులు కొట్టుకున్నాను. టీ డికాక్షన్‌లో ముంచి రంగు దించుదామని కూడా చూశాను. ఒకటి ముంచాను కూడా. మచ్చలు మచ్చలుగా తయారైంది.

ఆఖరికి అలాగే ఉంచాను. ఇక్కడ చూడండి, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఈ ఆరు, ఆ తర్వాత ఏడోది. ఇక్కడ మేం విమానం ఎక్కాం.

169 కుట్టాలన్న పట్టుదల కూడా అక్కడే వదిలేశాను. తొమ్మిది తొమ్మిదులు 81 చాలనుకున్నాను. గళ్ళ మధ్య అర అంగుళం తెలుపు పట్టీతో కలిపి నలభై నాలుగున్నర అంగుళాలు, చుట్టూ ఆరు అంగుళాల అంచు. అలల అంచు నా వల్ల కాలేదు, తిన్నగా కోశాను. జేన్ డిజైన్లు 70, మిగతా 11 నావి. రెండు మా అమ్మ వేసే చుక్కల ముగ్గులు, ఒకటి మా పాప గీసిన ఇల్లు. జేన్ కూడా కొన్ని అప్పటికే అందరూ కుట్టేవి తీసుకుంది, కొన్ని ఇంకెక్కడా కనిపించనివి కుట్టింది కదా, ఆ ధైర్యంతో.

ఇక ఆ లైన్ సంగతి.

మేం వచ్చింది ఉగాదికి రెండు రోజుల ముందు. ఎదురింటి వాళ్ళు అడిగితే అమ్మ "పండక్కి వచ్చారు" అంది. అది సరే. ఉగాదికి వచ్చినవాళ్ళు వినాయక చవితికి కూడా కదలకపోతే ఏం చెప్తారు? "అల్లుడికి వర్క్ ఫ్రమ్ హోమ్" అంది. మా ఆయన 58వ రోజున వచ్చేశాడు. ఐదు నెలలు ఖాళీగా ఉండి ఆగస్టులో హైదరాబాద్‌లో చేరాడు. ఆ ఐదు నెలలూ మేం పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు. మా అత్తయ్యగారికి కూడా ఆయన చెప్పలేదు. మీలో కొంతమందికి ఇది బాగా తెలుసు, నాకు తెలుసు.

డిసెంబరులో అంతా కలిపి కుట్టడం అయిపోయింది. జేన్ లాగే ఒక మూల రాయాలి. పెన్సిల్‌తో రాసుకున్నాను: ఉద్యోగం పోయిన ఏడు, 2023, ముక్కలు 1787. అమ్మ చూసింది. "ఇంత కష్టపడి కుట్టి, దాని మీద అశుభం రాస్తావా? రేపు పాప పెద్దయ్యాక చదవాలా ఇది?" అని గట్టిగానే అంది. నేను జేన్ కథ చెప్పాను. యుద్ధం అని రాసింది కదమ్మా, ఊరంతా చూసేలా అదే ఏడు కౌంటీ ఫెయిర్‌లో కూడా పెట్టింది అన్నాను. "యుద్ధం అందరికీ వస్తుంది. ఇది మన ఇంటిది" అంది అమ్మ. ఆ మాటకి ఆగిపోయాను. పది రోజులు ఆ మూల ఖాళీగానే ఉంది.

ఆ శనివారం ఆయన హైదరాబాద్ నుంచి వచ్చాడు. నేనేం చెప్పలేదు. పెన్సిల్ రాత తనే చూశాడు. చాలాసేపు చూసి, "పోయిన అని ఎందుకు రాశావు? నేనేమైనా పోగొట్టుకున్నానా? తీసేసిన అని రాయి" అన్నాడు. రబ్బరు తెచ్చి తనే చెరిపి, తనే రాశాడు. ఆ పై లైన్ ఆయన చేతిరాతే. నేను దాని మీద కాడ కుట్టు వేశాను. ఉద్యోగం తీసేసిన ఏడు, 2023. ముక్కలు 1787. కింద నా పేరు.

అమ్మ వారం రోజులు దాని జోలికి రాలేదు. తర్వాత రోజూ సాయంత్రం సీరియల్ చూస్తూ కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో గడి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఐదు రోజులు పట్టింది. మొత్తం 1788 వచ్చాయి అంటుంది. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, 1787. పాప గీసిన ఇంటికి తలుపు గొళ్ళెం అని చిన్న చుక్క అతికించాను, అది లెక్కలో వేశానా లేదా గుర్తులేదు. ఇంకా తేలలేదు.

మొదలుపెట్టాలనుకునే వాళ్ళు తొమ్మిది గళ్ళతో ఒక దిండు గలీబు కుట్టి చూడండి. అది అయ్యాక ఇంకా కుట్టాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.